నిమ్మతోటలో కత్తి మీద పడే రాగి పూత: సల్ఫైడ్ రాయి యాసిడ్‌కు ఎందుకు లొంగదు?

నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు నిమ్మ రైతులకు బోర్డో మిశ్రమం కలపడం కొత్తేమీ కాదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. గజ్జి తెగులు కనిపిస్తే పిచికారీ చేస్తారు, బంక తెగులు వస్తే ఇదే మందును చిక్కగా చేసి మొదళ్లకు పూస్తారు. కలిపేది ప్లాస్టిక్ డ్రమ్ములోనే, ఇనుప బకెట్‌ను దగ్గరికి రానివ్వరు. మిశ్రమం కుదిరిందో లేదో చూడ్డానికి తుప్పు లేని కత్తినో కొడవలినో కాసేపు ముంచి తీస్తారు. దాని మీద ఎర్రటి పూత పడితే సున్నం చాలలేదని అర్థం. ఇంకొంచెం సున్నపు తేట పోసి మళ్లీ ముంచి చూస్తారు.

ఆ ఎర్రటి పూత అచ్చమైన రాగి. కత్తిలోని ఇనుము కొద్దిగా నీళ్లలోకి దిగుతుంది, నీళ్లలోని రాగి ఆ చోటికి వచ్చి కూర్చుంటుంది. కిలో మైలుతుత్తంలో దాదాపు పావుకిలో రాగి ఉంటుంది కాబట్టి, పాత ఇనుప ముక్కలు సరిపడా వేస్తే ఆ పావుకిలోనూ పొడిగా రాలుతుంది. చైనాలో 11వ శతాబ్దం నాటికే ఇదో పెద్ద పరిశ్రమ. గనుల పక్కన ఊరే నీలపు నీళ్లలో ఇనుప రేకులు వేసి, పైన పట్టిన రాగిని గీకి తీసేవారు. స్పెయిన్‌లోని రియో టింటో గనుల్లో 18వ శతాబ్దంలో చేసిందీ ఇదే. అంటే నీళ్లలోకి వచ్చిన రాగిని పట్టుకోవడం ఏనాడూ పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా అంతకు ముందు మెట్టులో ఉంది. రాయిలో ఉన్న రాగి నీళ్లలోకి రావాలి. రాగి గంధకంతో కలిసి ఉండే సల్ఫైడ్ రాయి విషయంలో ఆ మెట్టు ఇప్పటికీ పూర్తిగా దాటలేదు.

ఈ మాట నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు దూరపు ముచ్చట కాదు. ఉదయగిరి ప్రాంతంలోని గరిమానిపెంట రాగి గురించి కంపెనీ దొరతనం కాలం నుంచే రాతలున్నాయి. రెండు జిల్లాల గుండా ఉత్తర దక్షిణాలుగా సాగే నెల్లూరు శిస్ట్ బెల్ట్ అనే పలకల రాళ్ల పట్టీలో అభ్రకంతో పాటు అక్కడక్కడా రాగి జాడలు కనిపిస్తాయి. ప్రకాశం పొలిమేర దాటి వినుకొండ వైపు వెళితే అగ్నిగుండాల ఉంది. అక్కడి బండలమొట్టులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గని నడిపింది, ఆ పక్క కొండల్లో రాగీ ఉంది. రాగి ధర పెరిగినప్పుడల్లా "మన దగ్గరా రాగి ఉంది కదా, ఎందుకు తీయరు?" అన్న ప్రశ్న లేస్తుంది. వెంటనే వచ్చే రెండో ప్రశ్న "ఎంత శాతం?" అని. శాతం ముఖ్యమే. కానీ యాసిడ్‌తో తీయాలనుకున్నప్పుడు అంతకంటే ముందు అడగాల్సింది, ఆ రాగి ఏ ఖనిజం రూపంలో ఉందని. ఒక శాతం రాగి ఉన్న రాయి ఒక చోట ఏడాది, ఏడాదిన్నరలో తన రాగిలో చాలా వంతు ఇచ్చేస్తుంది. అదే ఒక శాతం ఉన్న ఇంకో రాయి పదేళ్లు తడిపినా ముప్పాతిక వంతు లోపలే దాచుకుంటుంది.

రాగి ఉన్న కొండ మీద మొదట కంటపడేది ఆకుపచ్చ మరక. అది మాలకైట్, రాగి కార్బొనేట్. వానకూ గాలికీ ఏళ్ల తరబడి నానిన పై పొరలో రాగి ఇలా ఆక్సైడ్, కార్బొనేట్ రూపాల్లోకి మారిపోయి ఉంటుంది. దీని మీద పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే బుసబుసమని పొంగి, కాసేపటికే నీళ్లు నీలంగా తిరుగుతాయి. ఇంత సులువు కాబట్టే ఆకుపచ్చ రాయి చూసిన వాళ్లకు ఆశ పుడుతుంది. కానీ ఆ పచ్చదనం చాలా చోట్ల పైపైనే. భూగర్భ జలమట్టం దాకా దిగేసరికి రంగు మారుతుంది. ఆ మధ్యలో నల్లటి చాల్కోసైట్, నీలపు కోవెలైట్ లాంటి ఖనిజాలు ఒక పొరగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇంకా కిందికి వెళితే ఇత్తడిలా పసుపుగా మెరిసే చాల్కోపైరైట్ వస్తుంది. ప్రపంచంలోని రాగిలో దాదాపు 70 శాతం ఉన్నది ఈ చివరి ఖనిజంలోనే. దాని బరువులో రాగి 34.6 శాతం, మిగతాది ఇనుము, గంధకం.

సల్ఫైడ్ రాయి మీద యాసిడ్ ఎందుకు పనిచేయదన్నది ఇక్కడ నిదానంగా చూడాలి. ఎక్కువమంది పొరపడేది ఈ చోటే. మాలకైట్‌లో రాగి అప్పటికే ఆక్సీకరణం చెంది ఉంటుంది, యాసిడ్ దాన్ని విడదీస్తే చాలు. సల్ఫైడ్‌లో రాగి గంధకంతో ఎలక్ట్రాన్లు పంచుకుని గట్టిగా కట్టుబడి ఉంటుంది. ఆ కట్టు తెంచాలంటే గంధకం దగ్గర్నుంచి ఎలక్ట్రాన్లను ఎవరో ఒకరు లాక్కోవాలి. కుప్ప మీద పోసే పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు ఆ పని చేతకాదు. ఆ పని చేసేది ఫెర్రిక్ ఇనుము, అంటే మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందా అని చూస్తున్న ఇనుము. అది సల్ఫైడ్ మీదికొచ్చి ఎలక్ట్రాన్ లాక్కుని ఫెర్రస్‌గా మారుతుంది, రాగి విడుదలై నీళ్లలోకి వస్తుంది, గంధకం పసుపు పొడిగా మిగులుతుంది. చాల్కోపైరైట్‌లో ఒక్క రాగి పరమాణువును విడిపించడానికి నాలుగు ఫెర్రిక్ అయాన్లు కావాలి. ఇంతకీ యాసిడ్ దేనికంటే, ఆ ఇనుము నీళ్లలో కరిగి ఉండటానికి. పీహెచ్ రెండు, రెండున్నర దాటితే ఫెర్రిక్ తుప్పు మడ్డిగా మారి అడుగున కూర్చుంటుంది. కాబట్టి దీన్ని యాసిడ్ లీచింగ్, అంటే యాసిడ్‌తో కరిగించి తీయడం అని పిలుస్తున్నా, అసలు పనివాడు ఇనుమే.

నాలుగు ఫెర్రిక్‌లు పోయి ఫెర్రస్‌లు అయ్యాక వాటిని మళ్లీ ఫెర్రిక్‌గా మార్చాలి, లేదంటే పని అక్కడే ఆగిపోతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఈ మార్పు రోజూ కళ్ల ముందే జరుగుతుంది. పట్టినప్పుడు నీళ్లు తేటగా ఉంటాయి, కొన్ని గంటలు పోయేసరికి బకెట్ అడుగున ఎర్రటి మడ్డి. భూమి లోపల గాలి లేక ఫెర్రస్‌గా కరిగి ఉన్న ఇనుము, పైకొచ్చి గాలి తగిలి ఫెర్రిక్‌గా మారడం అది. కానీ యాసిడ్ నీళ్లలో ఈ మార్పు ఇంత తేలిగ్గా జరగదు. పీహెచ్ రెండు దగ్గర గాలి ఒక్కదానికే వదిలేస్తే ఏళ్లు పడుతుంది. ఇక్కడ సాయానికి వచ్చేది కంటికి కనిపించని ఒక బాక్టీరియా.

1947లో అమెరికాలో బొగ్గు గనుల నుంచి కారే పులుపు నీళ్లను పరీక్షిస్తూ కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ జీవులను గుర్తించారు. తర్వాత దానికి స్థిరపడిన పేరు ఆసిడిథయోబాసిల్లస్ ఫెరోఆక్సిడాన్స్. దీనికి అన్నం ఫెర్రస్ ఇనుమే. ఫెర్రస్‌ను ఫెర్రిక్‌గా మార్చడంలో వచ్చే కాస్త శక్తితో బతుకుతుంది, ఒంటికి కావాల్సిన కార్బన్‌ను గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి తీసుకుంటుంది. ఇది ఉంటే ఆ మార్పు వేగం లక్షల రెట్లు పెరుగుతుంది. మిగిలిన గంధకాన్ని కూడా తిని సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మార్చడం దీని ఇంకో పని, కాబట్టి యాసిడ్ ఖర్చూ కొంత కలిసొస్తుంది. శతాబ్దాల పాటు రియో టింటోలో రాగి నీళ్లు ఊరడం వెనక ఉన్నవి ఇలాంటి జీవులే అని అప్పటివాళ్లకు తెలియదు. తెలిసి వాడుకోవడం 1950ల తర్వాత మొదలైంది. చిలీలోని లో అగిర్రే గని 1980 నుంచి 1996 దాకా దాదాపు పూర్తిగా ఈ జీవుల మీద ఆధారపడే నడిచింది.

ఈ పద్ధతికి వాడే సరంజామా చూస్తే నెల్లూరు రైతుకు సగం తెలిసినట్టే ఉంటుంది. నేల చదును చేసి మందపాటి హెచ్‌డీపీఈ షీటు పరుస్తారు, రొయ్యల చెరువుకు వేసే లైనర్ లాంటిదే. దాని మీద సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల సైజుకు నలగ్గొట్టిన రాయిని ఆరు నుంచి పది మీటర్ల ఎత్తున కుప్ప పోస్తారు. పైన నిమ్మచెట్ల మొదళ్లలో వేసే డ్రిప్ పైపుల్లాంటివే పరిచి యాసిడ్ నీళ్లు చుక్కలు చుక్కలుగా వదులుతారు, చదరపు మీటరుకు గంటకు ఐదు నుంచి పది లీటర్లు. సల్ఫైడ్ రాయి అయితే కుప్ప అడుగు నుంచి చిల్లుల పైపులతో గాలి కూడా ఊదాలి. చెరువులో ఏరేటర్ ఆగితే రొయ్య ఎలా తేలిపోతుందో, కుప్పలో గాలి ఆగితే బాక్టీరియా పనీ అలాగే ఆగిపోతుంది. కుప్ప అడుగున కారిన నీలపు నీళ్లలో లీటరుకు ఒకటి నుంచి ఆరు గ్రాముల దాకా రాగి ఉంటుంది.

చాల్కోసైట్ ఈ పద్ధతికి బాగా లొంగుతుంది. అందులోని రాగిలో మొదటి సగం త్వరగా వచ్చేస్తుంది, మిగతా రాయి కోవెలైట్ లాంటి రూపానికి మారి రెండో సగాన్ని నెమ్మదిగా ఇస్తుంది. కుప్ప సరిగ్గా నడిస్తే ఏడాది, ఏడాదిన్నరలో 80 శాతం దాకా రావడం అసాధారణం కాదు. చాల్కోపైరైట్ మాత్రం మొండిది. ఇదే కుప్పలో, ఇదే నీళ్లతో, అది నాలుగో వంతు ఇవ్వడమే గొప్ప. మొదట్లో కాస్త కరిగి, తర్వాత పుండు మీద పక్కు కట్టినట్టు దాని మీద ఒక పొర కట్టుకుంటుంది. ఆ పొర గంధకమా, ఇనుము ముందుగా వెళ్లిపోగా మిగిలిన గంధకపు గొలుసులా, జారోసైట్ అనే ఇనుప ఉప్పా అన్నదాని మీద పరిశోధకులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఏదైనా ఫలితం ఒకటే, ఫెర్రిక్ లోపలికి పోలేకపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, వినడానికి తలకిందుల వ్యవహారంలా ఉంటుంది. ఫెర్రిక్ ఎక్కువైతే చాల్కోపైరైట్ ఇంకా బాగా కరగాలి కదా అనిపిస్తుంది. ఒక హద్దు దాటాక సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది, ఫెర్రిక్ జోరు మరీ పెరిగితే పొర ఇంకా గట్టిపడుతుంది. అంటే చాల్కోసైట్‌కు మేలు చేసే హుషారు బాక్టీరియానే చాల్కోపైరైట్‌కు అడ్డుపడుతుంది. అందుకే దారులు వేరుగా వెతుకుతున్నారు. కొందరు 60 డిగ్రీలు దాటిన వేడిలో బతికే సూక్ష్మజీవులను వాడుతున్నారు. కొందరు ఉప్పు నీటిలోని క్లోరైడ్‌ను, ఇంకొందరు పొరను కట్టకుండా ఆపే రసాయనాలను కుప్పకు కలుపుతున్నారు. కుప్ప మానేసి, రాయిని పొడి చేసి, ప్లవన ప్రక్రియతో, అంటే నీళ్లలో నురగ మీదికి ఖనిజాన్ని తేల్చి వేరుచేసి, సాంద్రీకరించి, ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో ఆక్సిజన్‌తో కరిగించే పద్ధతి 2003 నుంచి అమెరికాలోని అరిజోనాలో నిరూపణ స్థాయిలో నడిచింది. అది పనిచేస్తుంది, కానీ చిన్న నిక్షేపానికి ఆ పెట్టుబడి మోయలేని బరువు. మే నెలలో ఉదయగిరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఇక్కడ వేడి కలిసొస్తుందనుకోవడం కూడా పొరపాటే. కుప్ప లోపలి వేడి ఎండ వల్ల కాదు, సల్ఫైడ్ ఆక్సీకరణం చెందడం వల్ల రావాలి. అందుకు రాయిలో సరిపడా పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉండాలి.

రాగి ఖనిజం తర్వాత చూడాల్సింది దాని చుట్టూ ఉన్న రాయి. సున్నపురాయి కిలోకు దాదాపు కిలో యాసిడ్ తాగేస్తుంది, సున్నపురాయి లాంటిదే అయిన డోలమైట్ ఇంకాస్త ఎక్కువే తాగుతుంది. బండలమొట్టు సీసం ఉన్నది డోలమైట్ రాయిలోనే. అలాంటి రాయిలో రాగి ఉంటే, టన్ను రాయిలో నూరు కిలోల డోలమైట్ ఉన్నా నూరు కిలోలకు పైగా యాసిడ్ రాగిని తాకకుండానే ఖర్చయిపోతుంది. పైగా అక్కడ పుట్టే జిప్సం కుప్ప సందులను మూసేస్తుంది. నెల్లూరు పట్టీలోని శిస్ట్‌లో సున్నం గొడవ అంత ఉండకపోవచ్చు గానీ, ఆ రాయికి వేరే గుణం ఉంది. అది అభ్రకం రేకులతో నిండిన రాయి. క్రషర్‌లో వేస్తే రేకులు రేకులుగా పొడి రాలుతుంది. కుప్పలో ఆ రేకులు అడ్డంగా పరుచుకుంటే నీళ్లు ఒక చోట మడుగు కడతాయి, ఇంకో చోట పొడిగా వదిలేస్తాయి. నల్ల అభ్రకం, క్లోరైట్ అనే ఆకుపచ్చ రేకుల ఖనిజం మెల్లగా యాసిడ్‌ను కూడా తింటాయి. అందుకని రాయిని కుప్ప పోసే ముందు పెద్ద డ్రమ్ములో యాసిడ్ నీళ్లతో దొర్లించి, పొడి అంతా గులకకు అంటుకునేలా ఉండలు చేయాలి. ఈ చిన్న పని సరిగ్గా చేయకపోవడం వల్ల దెబ్బతిన్న కుప్పలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి.

నీలపు నీళ్ల నుంచి రాగి తీయడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇనుప ముక్కల కాలం పోయి, 1968లో అరిజోనాలోని బ్లూబర్డ్ గనిలో కొత్త పద్ధతి వచ్చింది. కిరోసిన్ లాంటి నూనెలో కలిపిన ఒక ప్రత్యేక రసాయనం నీళ్లలోంచి రాగిని మాత్రమే పట్టుకుని, ఇనుమును వదిలేస్తుంది. ఆ రాగిని చిక్కటి యాసిడ్‌లోకి దించి, కరెంటు పెడితే 99.99 శాతం స్వచ్ఛమైన రాగి పలకలు వస్తాయి. కిలో రాగికి రెండు యూనిట్ల కరెంటు సరిపోతుంది. యాసిడ్ తిరిగి కుప్పకు వెళుతుంది. ఇదంతా కొన్ని వేల టన్నుల స్థాయిలో కూడా గిట్టుబాటయ్యే ఏర్పాటు. చిన్న నిక్షేపాల వాళ్లను యాసిడ్ దారి ఆకర్షించేది ఇందుకే. కొలిమి దారి అలా కాదు, అది లక్షల టన్నుల వ్యవహారం. తూత్తుకూడిలో 2018లో మూతపడిన స్టెరిలైట్ రాగి కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 4 లక్షల టన్నులు. పైగా కొలిమిలో ప్రతి టన్ను రాగికి దాదాపు రెండు టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ పుడుతుంది, దాన్ని పట్టి మూడు టన్నుల యాసిడ్ చేసి ఎక్కడో అమ్ముకోవాలి. కుప్ప పద్ధతిలో పొగ లేదు. ఆ మాట నిజమే, కానీ పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదనడం నిజం కాదు. ఇక్కడ ప్రమాదమంతా నీళ్లలో ఉంటుంది.

2010 జూలై 3న చైనాలోని ఫుజియాన్ ప్రావిన్స్‌లో జిజిన్‌షాన్ గని దగ్గర జరిగింది ఈ జిల్లాల వాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. అది సరిగ్గా ఇలా బాక్టీరియాతో సల్ఫైడ్ రాగిని తీసే గని. వానలకు రాగి నీళ్లు నిలవుంచే చెరువు లైనర్ దెబ్బతిని 9,100 ఘనపు మీటర్ల యాసిడ్ రాగి నీళ్లు టింగ్ నదిలోకి పోయాయి. దిగువన దాదాపు 1,900 టన్నుల చేపలు చచ్చిపోయాయి. రొయ్యలు సాగుచేసే వాళ్లకు రాగి సంగతి తెలుసు. నాచు చంపడానికి చెరువులో మైలుతుత్తం వేయాలంటే ముందు ఆల్కలినిటీ కొలిచి, లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన వేస్తారు, కాస్త ఎక్కువైతే సరుకే పోతుంది. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసేది రాగి ఉన్న హీమోసయనిన్ అయినా సరే, నీళ్లలో రాగి మోతాదు దాటితే అది తట్టుకోలేదు. కుప్ప కింద కారే నీళ్లలో ఉండేది మిల్లీగ్రాములు కాదు, గ్రాములు. వెయ్యి రెట్లు తేడా.

నెల్లూరులో వాన తీరు ఈ భయాన్ని ఇంకా పెంచుతుంది. ఇక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల, వాయుగుండాలతో పాటు, రెండు మూడు రోజుల్లో కుండపోతగా పడతాయి. 2021 నవంబర్‌లో పెన్నా ఎలా పొంగిందో మరిచిపోయిన వాళ్లు ఉండరు. మిగతా తొమ్మిది నెలలు దాదాపు ఎండే, డ్రిప్ కింద నీళ్లు ఆవిరై చేతికందవు, ఉదయగిరి మెట్టలో బోర్లు అడుగంటుతుంటాయి. ఒకే చోట ఎండాకాలం నీళ్ల కరువును, నవంబర్‌లో నీళ్ల ముంపును రెండింటినీ తట్టుకునేలా చెరువులు కట్టాలి. సగటు వర్షపాతం చూసి కట్టిన చెరువు ఇక్కడ చాలదు. ఒక వాయుగుండంలో పడే వానంతా కుప్ప మీద పడి యాసిడ్‌తో కలిసి కిందికొస్తే, ఆ మొత్తం పట్టేంత ఖాళీ చెరువు ఏడాదంతా ఖాళీగానే ఉంచాలి. గని మూసేశాక కూడా గొడవ తీరదు. పైరైట్ మిగిలిన కుప్పలో బాక్టీరియా ఎవరూ పిలవకుండానే పని కొనసాగిస్తుంది, ప్రతి వానకూ పులుపు నీళ్లు కారుతూనే ఉంటాయి. కుప్పను మట్టితో కప్పి, సున్నంతో శుద్ధి చేసే ఖర్చును మొదటి రోజు లెక్కలోనే వేయాలి.

ఇవన్నీ దాటి ఎక్కడైనా తవ్వకం మాట గట్టిగా వస్తే, ఊరివాళ్లు అడగాల్సిన మొదటి కాగితం సీక్వెన్షియల్ అస్సే రిపోర్ట్. బోరు వేసి తీసిన రాయి పొడిని ఒకే నమూనా మీద మూడు మెట్లుగా పరీక్షిస్తారు. పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఎంత రాగి వచ్చిందో ముందు చూస్తారు, అది మాలకైట్ లాంటి ఆక్సైడ్ వాటా. మిగిలిన దాన్ని సయనైడ్‌లో వేస్తే వచ్చేది చాల్కోసైట్, కోవెలైట్ వాటా. చివరికి కూడా కరగకుండా మిగిలిందే ఎక్కువగా చాల్కోపైరైట్. మొదటి రెండు అంకెలు పెద్దవైతే యాసిడ్ దారి గురించి మాట్లాడొచ్చు. అప్పుడు కూడా ఆ రాయితోనే, అక్కడి నీళ్లతోనే, ఆరు మీటర్ల నిలువు గొట్టంలో నెలల తరబడి నడిపిన కాలమ్ టెస్ట్ ఫలితం, టన్ను రాయి ఎంత యాసిడ్ తాగిందన్న లెక్క చేతిలో ఉండాలి. మూడో అంకె పెద్దదైతే రాయిని నూరి, ప్లవన ప్రక్రియతో సాంద్రీకరించి, కృష్ణపట్నం రేవు నుంచి కొలిమి ఉన్న చోటికి పంపడం ఒక్కటే మిగులుతుంది. ఆ కాగితంలో మూడు అంకెలూ విడివిడిగా లేకుండా "రాగి 1.2 శాతం" అని ఒక్క అంకె మాత్రమే ఉంటే, యాసిడ్‌తో తీయొచ్చా లేదా అన్న ప్రశ్నకు పరీక్ష ఇంకా జరగనట్టే లెక్క.